కాంటా గొంతు

వైర్ల సారు పోయాడని నాకు ఎవరూ కబురు పంపలేదు. పంపేంత చుట్టరికం మాకు లేదు. పోయిన ఎండాకాలం నాగర్‌కర్నూల్ దిక్కున, రోడ్డు పక్క బండ్లు తూచే ధర్మకాంటా దగ్గర తెలిసింది. తెలిసిన తీరు మంచిది కాదు. అప్పటినుంచి ఆ మనిషి నా కళ్ల ముందు తిరుగుతున్నాడు. నాకు సంతకం వరకే వచ్చు. నోటితో చెబుతున్నాను, రాసే అమ్మాయి రాస్తోంది.

ఆయన అసలు పేరు నాకు తెలియదు. మా సేటు ‘ఇంజినీరు’ అనేవాడు. హమాలీలు ‘వైర్ల సారు’ అనేవాళ్లు. వనపర్తి దిక్కు మనిషి. సన్నగా, ఎప్పుడూ మెడ ఒక పక్కకు వంచి, ఎవరో దూరం నుంచి పిలిస్తే వింటున్నట్టుగా ఉండేవాడు. చేతిలో సంచీ ఉండదు. అన్నం తెచ్చుకునే స్టీలు క్యారియర్ ఉంటుంది. పై గిన్నెలో పిన్నులు, దాని కింది గిన్నెలో మరలు, ఇంకో దాంట్లో చుట్టలు చుట్టిన వైర్లు, అన్నిటికన్నా కింద నిజంగానే అన్నం. ఒకసారి హమాలీల మేస్త్రి ఆకలికి ఆగలేక పై గిన్నె తెరిచి, “ఏంది సారూ, గివే తింటున్నవా? అందుకే గిట్ల ఎండిపోయినవ్” అన్నాడు. సారు నవ్వలేదు. “కింద చూడన్నా. చింతాకు పప్పున్నది. పెట్టుకో” అన్నాడు.

గద్వాల బయట పత్తి మిల్లు అది. నేను ఊడ్చేదాన్ని, చాయ పోసేదాన్ని. మా ఆయన కాంటా మీద ఉండేవాడు. కాంటా అంటే నేలకు సమంగా పెద్ద ఇనుప పలక, పక్కన ఒక గది. పత్తి బండి పలక ఎక్కితే గదిలోని డబ్బాలో ఎర్ర అంకెలు వెలుగుతాయి. మా ఆయన ఆ అంకెలు చూసి కిటికీలోంచి అరిచి చెప్పేవాడు. చదువు రాని రైతు అంకెను నమ్మడు, మా ఆయన గొంతును నమ్మేవాడు. రాయచూరు దిక్కు పుట్టినవాడు గనక మాటలో ఒక సాగతీత ఉండేది. ఔననడానికి ‘హౌదు హౌదు’ అనేవాడు. ఆ గొంతు గేటు దాటి రోడ్డు మీది చాయ బండి దాకా వినపడేది.

అప్పట్లో సేటు రెండు కంప్యూటర్లు తెచ్చాడు. కాంటా గదిలోది ఒక కంపెనీది. ఆఫీసులో బిల్లులు చేసేది ఇంకో కంపెనీది. రెండింటికీ మాటల్లేవు. కాంటాలో తూచింది చీటీ మీద రాసుకుని రైతు ఆఫీసుకు నడవాలి, అక్కడ గుమాస్తా మళ్లీ కొట్టాలి. ఈలోపు వెనక బండ్లు రోడ్డు దాకా నిలబడేవి, ఎద్దులు బెదిరేవి, తిట్లు మొదలయ్యేవి. ఆ రెండు మిషన్లను కలపడానికి వచ్చినవాడే వైర్ల సారు. తూకం తూగగానే ఆఫీసులో బిల్లు రావాలి, గేటు మనిషికి తెలియాలి, రైతు ఫోనుకు మెసేజు పోవాలి. అదీ ఆయన పని.

పలక ఎక్కేముందు చెప్పులు విడిచేవాడు.

“ఏంది సారూ, గుడి అనుకున్నవా?” అన్నాడు మేస్త్రి.

“కాదన్నా. ఏది ఎక్కినా గిది ఇంటది. చెప్పులేసుకొని ఎక్కితే కోపమొస్తది.”

మిషను పెట్టె తెరిచేముందు దాని మీద అరచేయి ఆనించి కాసేపు ఉండేవాడు, పిల్లకు జ్వరం చూసినట్టు. తరువాత వైరు తగిలించి, రెండో కొసకు నడిచి వెళ్లి, అక్కడి మిషను దగ్గర వంగి మెల్లగా అడిగేవాడు: “ఇనవడ్తుందా?”

మిషను ఏం పలుకుతుంది. అయినా మెడ వంచి వినేవాడు. విన్నాక తలూపేవాడు. ఆ తలూపడం చూస్తే నాకు ఎందుకో వీపు మీద చన్నీళ్లు పోసినట్టయ్యేది.

పని అంత తొందరగా తెమల్లేదు. కాంటా కంపెనీ వాడు ఫోనులో తప్పంతా ఆఫీసు సాఫ్ట్‌వేరుదని అంటాడు. ఆఫీసు సాఫ్ట్‌వేరు వాడు తప్పంతా కాంటాదని అంటాడు. సారు నడిమిట్ల, రెండు చెవులకు రెండు ఫోన్లు పెట్టుకుని నిలబడేవాడు.

“సార్, మీరు పంపినమంటున్నరు. ఆయన రాలేదంటున్నడు... ఆగుండ్రి... ఆయన రాలేదంటున్నడు సార్, మీరు పంపినమంటున్నరు...”

ఒక పగలంతా ఇదే. చివరికి రెండు ఫోన్లనూ బల్ల మీద మూతికి చెవి తగిలేటట్టు ఎదురుబొదురు పెట్టి, “మీరు మీరే మాట్లాడుకోండ్రి” అని, నా దగ్గరికి వచ్చి చాయ తీసుకున్నాడు. బల్ల మీద ఆ రెండు ఫోన్లలోంచి ఇద్దరు మనుషులు, మొహాలు లేకుండా, చిన్న చిన్న గొంతులతో కొట్లాడుకుంటున్నారు. నేను నోరు తెరిచి చూస్తున్నాను.

“మిషన్లు మంచియే అక్కా. మనుషులకే మాటల్లేవు” అన్నాడు సారు. “నడుమ ఒకడు ఉండాలె. వాడు కనవడొద్దు. కనవడకుంట ఉంటెనే పని అయితది.”

ఆ మాట అప్పుడు మామూలుగానే విన్నాను.

రెండు మిషన్లూ కలిశాయి. కానీ అదే కాలంలో మా ఆయనకు దగ్గు పట్టింది. పత్తి దుమ్ము ఊపిరితిత్తులకు చేరిందని కర్నూలు దవాఖానలో అన్నారు. గొంతు మధ్యలో తెగిపోయేది. అరవై అని మొదలుపెట్టి దగ్గులో పడిపోయేవాడు. రైతులు “ఎంత? ఎంత?” అని కేకలేసేవాళ్లు. ఆయనను తీసేసి ఇంకొకణ్ని పెడదామని సేటు అంటుండగా సారే ఆపాడు. “గొంతు పట్టుకుందాం సేట్. మిషనే చెప్తది” అన్నాడు.

మంచిగా ఉన్న రోజు చూసి మా ఆయనను పత్తి గోదాములోకి తీసుకుపోయాడు. నాలుగు దిక్కులా పత్తి కుప్పలు, కప్పు దాకా. పత్తి చప్పుడు తాగేస్తుందని సారు అన్నాడు. నిజమే. లోపలికి పోతే నా గాజుల చప్పుడు నాకే దూరమైంది. ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని, మా ఆయన మూతి ముందర చిన్న మైకు పట్టి, సారు అడిగాడు: “ఇనవడ్తుందా?”

“హౌదు హౌదు, చెప్పు” అన్నాడు మా ఆయన.

“అంకెలు వరుసగా చెప్పన్నా. ఒక్కోదానికి ఆగి చెప్పు. మిషను అతుక్కుంటది.”

“లాభం” అన్నాడు మా ఆయన.

“ఒకటి అనన్నా.”

“లాభమంటి గద.”

“ఒకటి గావాలె అన్నా, లాభం గాదు.”

“పొద్దుగాల మొదటి బండికి ఒకటంటే ఎట్ల సారూ? ఎవడన్న అంటడా? మా నాయిన అనలే, నేననలే.”

మొదటి కొలతను మేము లాభం అనే పిలుస్తాము. గింజలైనా అంతే, పత్తి అయినా అంతే. సారు కాసేపు మెడ వంచి ఆలోచించి ఆ మాట కూడా పట్టుకున్నాడు. రోజులో మొదటి బండికి తూకం చెప్పేముందు మిషను ‘లాభం’ అనాలని పెట్టాడు. దాని కోసం హైదరాబాద్ వాళ్లతో ఫోనులో ఎంత కొట్లాడాడో. “లాభమనకుంటే ఇక్కడ బండి ఎక్కది సార్. రాసుకోండ్రి సార్. ఎందుకని నన్నడగకుండ్రి.”

అంకెలు అయినాక కాంటా మీద రోజూ అరిచే మాటలు కూడా పట్టాడు. బండి రావాలె. బండి పోవాలె. ఇంకొకటి ఉంది. బండి దిగిపోయినా దాని వెంట వచ్చినవాళ్లు పలక మీదే నిలబడి బీడీలు తాగుతుంటారు. అప్పుడు అంకె సున్నాకు రాదు, తర్వాతి బండిని తూచలేరు. మా ఆయన అరిచేవాడు: “ఇంకా మనిషున్నడు, దిగాలె!” పలక సున్నాకు రాకపోతే ఆ మాట పలకాలని సారు మిషనుకు నేర్పాడు.

తెల్లారి గేటు మీది మైకులోంచి మా ఆయన గొంతు వచ్చింది. దాని చుట్టూ ఏ చప్పుడూ లేదు, గాలి లేదు, దగ్గు లేదు. పక్కన మా ఆయన నోరు మూసుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. హమాలీలు ఒకటే నవ్వులు.

“ఇంక నీ గొంతుకే జీతం. నువ్వు ఇంటికి పో” అన్నాడు మేస్త్రి.

“నేను సచ్చినా నాతోని కొలువు చేయిస్తరు” అన్నాడు మా ఆయన. అందరితో పాటు నేనూ నవ్వాను.

ఇంకో సంగతి. కరెంటు పోయి వస్తే కంప్యూటరు మళ్లీ మొదటినుంచి మేలుకుంటుంది. మేలుకోగానే మైకు పనిచేస్తోందో లేదో తెలియాలని, గోదాములో వాళ్లిద్దరూ అనుకున్న మొదటి మాటలనే సారు దానికి తగిలించాడు. అందుకే కరెంటు వచ్చినప్పుడల్లా మైకులో ముందు సారు గొంతు, “ఇనవడ్తుందా?” వెనకే మా ఆయన, “హౌదు హౌదు, చెప్పు.” ఆ తర్వాత ఎక్కిన బండికి ‘లాభం’. కంప్యూటరుకు అది కొత్త రోజే మరి. ఆ కాలంలో కరెంటు సంగతి తెలుసు కదా. మా మిల్లులో పొద్దున తెల్లవారేది, బువ్వ వేళకు తెల్లవారేది, పొద్దుగూకేముందు మళ్లీ తెల్లవారేది.

మా ఆయన ఆ పత్తి కాలం దాటలేదు.

దినాలు అయినాక పనికి పోయాను. పోకపోతే తిండి ఎట్లా. గేటు దాటుతుంటే మైకులో, “బండి రావాలె.” నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. చీపురు పట్టుకుని పొద్దంతా ఆ గొంతు కింద ఊడ్చాను. మా ఇంట్లో ఆయన ఫొటో కూడా లేదు. రేషను కార్డు మీద ఉన్నది కూడా చెమ్మకు పాడై, మొహం ఉండాల్సిన చోట తెల్ల మచ్చ అయింది. ఆయనది అంటూ లోకంలో మిగిలింది ఆ గొంతు ఒక్కటే. కొందరు ఆడవాళ్లు “ఎట్ల ఇంటున్నవే, గుండె రాయా నీది?” అన్నారు. వాళ్లకేం తెలుసు. కరెంటు పోవాలని మొక్కుకునేదాన్ని. పోతే మళ్లీ వస్తుంది కదా. వస్తే, అంకెలు కాకుండా, మనిషిలాగా మాట్లాడతాడు కదా. హౌదు హౌదు, చెప్పు.

అట్లా నడుస్తుండగా ఒక మిట్టమధ్యాహ్నం, పలక మీద బండి లేదు, మనిషి లేడు, కుక్క కూడా లేదు. అందరం వేపచెట్టు నీడన సద్దులు విప్పుకున్నాం. మైకు పలికింది.

“ఇంకా మనిషున్నడు, దిగాలె.”

నమలడం ఆపి అందరం పలక వైపు చూశాం. ఎండకు ఇనుము మీద గాలి వణుకుతోంది, అంతే.

“ఇంకా మనిషున్నడు, దిగాలె.”

మేస్త్రి ముద్ద గిన్నెలో పడేసి లేచాడు. ఆ పూట ఒక్క హమాలీ పలక తొక్కలేదు. మరునాడు బండ్లవాళ్లు ఎద్దులను పలక ఎక్కించలేకపోయారు. ఎద్దులు ముందుకాళ్లు పెట్టి వెనక్కి తీసుకున్నాయి. సేటు ఫోను చేస్తే వైర్ల సారు కొత్తకోట నుంచి లారీ ఎక్కి వచ్చాడు.

చెప్పులు విడిచాడు. పలక మీద అరచేయి ఆనించాడు. చాలాసేపు తీయలేదు. తర్వాత పక్క మూత తీయించి పలక కింది గుంతలోకి దిగాడు. మేమంతా దూరంగా చుట్టూ నిలబడ్డాం. లోపలినుంచి చప్పుడు లేదు. కాసేపటికి తల పైకెత్తి, చేతిలో గుండ్రటి రాయి చూపించాడు.

“గిదే. సందుల ఇరుక్కున్నది. రాయి బరువుకు మనిషి అనుకున్నది” అన్నాడు.

హమాలీలు ఊపిరి వదిలి నవ్వారు. “రాయికి దిగాలె అంటే ఏడ దిగుతది సారూ!” అని మేస్త్రి అంటే ఇంకా నవ్వారు. బండ్లు ఎక్కాయి, పని సాగింది. నేను చాయ ఇవ్వడానికి పోయినప్పుడు సారు గదిలో ఒక్కడే ఉన్నాడు. రాయి బల్ల మీద ఉంది. పొడిగా, దుమ్ము అంటకుండా ఉంది. గుంతలో ఏమో మడమలు మునిగేంత బురద.

“సారూ, ఈ రాయి...”

“రోడ్డు మీద ఏరుకొచ్చిన అక్కా. జేబుల పెట్టుకొని దిగిన.”

“మరి కింద?”

“కింద ఏం లేకుండె.”

నేను గ్లాసు రాయి పక్కన పెట్టాను. ఆయన నా మొహం చూడలేదు, కిటికీలోంచి పలకను చూస్తున్నాడు.

“ఇంత కంటె తక్కువ బరువుంటే పలకొద్దని మిషనుకు చెప్పిన. ఇంక పలకది” అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు: “ఉన్నది ఉంటది అక్కా. గిది పలకది, గంతే.”

నిజంగానే ఆ తర్వాత పలకలేదు. పలక ఖాళీగా ఉన్నప్పుడు నేను దాని పక్కనుంచి చీర కుచ్చిళ్లు పట్టుకుని నడిచేదాన్ని, ఎవరికీ తగలకుండా.

సేటు కొడుకు పెత్తనం వచ్చాక పాత సాఫ్ట్‌వేరు తీసేసి కొత్త కంపెనీది పెడదామన్నాడు. అన్నీ ఒకే కంపెనీవి అయితే కలిపే మనిషి అవసరం లేదట. పాతది విప్పడానికి వైర్ల సారునే పిలిచారు. నాకు తెలిసి పరుగెత్తిపోయాను.

“సారూ, ఆయన గొంతు నాకియ్యి.”

“దేంట్ల ఇయ్యాలె అక్కా? నీ తాన ఏమున్నది, ఇనెతందుకు?”

“నాకు తెల్వదు. నువ్వే చెప్పు. చిన్న సేటుతోని మాట్లాడు. ఉండనియ్యిమను. లాభమన్న మాట ఒక్కటన్న ఉండనియ్యిమను.”

మాట్లాడాడు. చిన్న సేటు గదిలోంచి నవ్వు వినిపించింది. సారు బయటికి వచ్చి కాంటా గదిలోకి పోయి, పెట్టె మీద అరచేయి ఆనించి నిలబడ్డాడు. నేను గడప దగ్గర కూలబడ్డాను.

“గోదాముల పట్టుకున్న గొంతు అక్కా. చుట్టుపట్ల ఏ చప్పుడు లేదు దానికి. అందుకని ఏడ పెట్టినా ఇముడుతది” అన్నాడు. “ఇక్కడ గుంజితే ఇక్కడనే పోతది. తీగ పారిన కాడల్లా పోదు.”

ఓదార్చడానికి అన్నాడనుకున్నాను. వైరు లాగాడు. మైకులో చిన్నగా టప్‌మని చప్పుడైంది. మరునాటినుంచి ఒక ఆడపిల్ల గొంతు, పుస్తకంలో మాటలు. ‘దయచేసి వాహనాన్ని ముందుకు తీసుకురండి.’ మొదటి బండిని కూడా ‘ఒకటి’ అని పిలిచింది. ఆ నెల తిరగకముందే నేను మిల్లు మానేశాను.

వైర్ల సారును మళ్లీ చూడలేదు.

ఇక ఎండాకాలం సంగతి. నాగర్‌కర్నూల్ దిక్కున మక్కజొన్నలు నూర్చే పనికి పోయాం, నలుగురం ఆడవాళ్లం. మక్కల ట్రాక్టరు మీదే తిరిగి వస్తూ దారిలో ధర్మకాంటా దగ్గర ఆపారు. కరెంటు లేదు. కాంటా మనిషి, పడుచువాడు, రేకుల నీడన కూర్చుని విసురుకుంటున్నాడు. “వస్తది, కూసోండ్రి” అన్నాడు.

నేను ట్రాక్టరు మీదినుంచి కాలు కింద పెట్టబోతున్నాను. కరెంటు వచ్చింది.

“ఇనవడ్తుందా?”

“హౌదు హౌదు, చెప్పు.”

కాలు గాలిలోనే ఆగింది. పక్కనామె నన్ను పట్టుకోకపోతే పడేదాన్ని. మేము దిగాక ట్రాక్టరు పలక ఎక్కింది. “లాభం” అన్నాడు మా ఆయన. తూకం చెప్పాడు. “బండి పోవాలె” అన్నాడు. ట్రాక్టరు పలక దిగి రోడ్డు మీదికి పోయి ఆగింది. పలక మీద ఏమీ లేదు. ఎండ ఒక్కటే ఉంది.

“ఇంకా మనిషున్నడు, దిగాలె.”

కాంటా పడుచువాడు మొహం చిట్లించాడు. “గీ మిషను బతుకంత గిదే. ఖాళీ కాంటాకు మొత్తుకుంటది.”

“ఎప్పటిసంది బిడ్డా?”

“గిది పెట్టినాయన పోయినప్పటిసంది. అంతకుముందు మంచిగుండె. మొన్న శివరాత్రి ముందట, కొత్తకోట కాడ లారీ గుద్దింది పాపం. చేతుల అన్నం క్యారియర్ ఉన్నదట, రోడ్డంత మరలు, వైర్లు. బాగుచేయమందామంటే ఇంకెవనికి తెల్వదు. వనపర్తి దిక్కు గూడ ఆయన పెట్టినయి ఉన్నయట, అయి గూడ గిట్లనే అంటున్నయట.”

“ఆ గొంతెవరిదో తెలుసా నీకు?”

“ఎవరో కంపెనీ మనిషిది ఉంటది.”

నేను చెప్పులు విడిచాను. పలక దగ్గర కూర్చుని అరచేయి ఆనించాను. ఎండకు ఇనుము పెనంలా కాలుతోంది. చేయి జరుపుతూ పోయాను. నడిమిట్ల, రెండు పాదాలు పట్టేంత మేర, చల్లగా ఉంది. ఇంకొంచెం జరిపాను. దాని ఎదురుగా ఇంకొక చోట, అంతే మేర, చల్లగా ఉంది.

“ఇంకా మనిషున్నడు, దిగాలె.”

“ఏందమ్మా, ఎవడున్నడని చూస్తున్నవ్? ఒక్కడు లేడు” అని నవ్వాడు పడుచువాడు.

“ఒక్కడు గాదు నాయినా. ఇద్దరున్నరు.”

వాడి నవ్వు సగంలో ఆగింది. అంతలోనే కరెంటు మళ్లీ పోయింది. మైకు మూగబోయింది. రోడ్డు మీదినుంచి ట్రాక్టరు డ్రైవరు హారను కొడుతున్నాడు, ఆడవాళ్లు పేరు పెట్టి పిలుస్తున్నారు. నేను కదలలేదు. కరెంటు ఎంతసేపు పోతుంది, వస్తుంది కదా. వచ్చిన వెంటనే ఒకరు అడుగుతారు, ఒకరు పలుకుతారు. అందాకా అక్కడే కూర్చున్నాను.